మెకానికల్ కీబోర్డు స్విచ్ మొరాయిస్తే ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల్లో కంప్యూటర్ కీబోర్డుకు ఏడాదిలో రెండు గండాలు. పత్తి వచ్చే రోజుల్లో నూగు, మిర్చి వచ్చే రోజుల్లో ఎర్రటి పొడి. గోదావరిఖని వైపైతే బొగ్గు దుమ్ము, కరీంనగర్ వైపైతే గ్రానైట్ పొడి. ఏదైనా చివరికి చేరేది కీల సందుల్లోకే. కొన్నాళ్లకు ఏదో ఒక కీ నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతుంది, లేదంటే అసలే పడదు. అప్పుడు అందరం చేసేది ఒకటే, ఆ కీని ఇంకా గట్టిగా కొట్టడం. దానివల్ల ఏమీ ఒరగదు. ఎందుకో తెలియాలంటే స్విచ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. అది అర్థమైతే ఏది విప్పాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో మీకే తెలిసిపోతుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి

కీబోర్డు వైరు పీకేసి, ఒక కీ మీది ప్లాస్టిక్ టోపీని, అంటే కీక్యాప్‌ను, నిటారుగా పైకి లాగండి. కింద ప్లస్ గుర్తు ఆకారంలో ప్లాస్టిక్ కాడ, దాని చుట్టూ చతురస్రపు చిన్న డబ్బా, ప్రతి కీకి ఇలా విడిగా ఉంటే అది మెకానికల్. కాడ చుట్టూ విడి డబ్బా లేకుండా, లోపల మెత్తటి రబ్బరు బుడగ కనిపిస్తే అది మెంబ్రేన్ కీబోర్డు. ఐదారు వందలకు వచ్చేవన్నీ దాదాపు ఇవే. పెట్టె మీద "మెకానికల్ ఫీల్" అని రాసినంత మాత్రాన నమ్మకండి. మెంబ్రేన్‌లో ఒక్కో కీని విడిగా బాగు చేయడం కుదరదు కాబట్టి ఈ వ్యాసం దానికి పనికిరాదు.

ఇంకో మాట. ఈమధ్య గేమింగ్ కీబోర్డుల్లో కాంతితోనో అయస్కాంతంతోనో పనిచేసే స్విచ్‌లు వస్తున్నాయి. వాటిలో ఒకదానికొకటి తగిలే లోహపు రేకులు ఉండవు. దుమ్ము తుడవడం వరకు కింద చెప్పిందే వాటికీ పనికొస్తుంది, రేకుల గురించి చెప్పినవి వర్తించవు.

స్విచ్ లోపల ఏముంది?

మార్కెట్లో దొరికే మెకానికల్ స్విచ్‌లలో ఎక్కువ భాగం ఒకే నమూనా. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల మొదట్లో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్ అది. పేటెంట్ గడువు తీరాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతలతో చేస్తున్నాయి. మనకు దీనివల్ల మేలే జరిగింది. ఒక కంపెనీ స్విచ్ పోతే ఇంకో కంపెనీది అందులో కూర్చుంటుంది. స్విచ్‌లు బిగించే ప్లేటులో రంధ్రం 14 మి.మీ. చదరం, ప్లేటు మందం 1.5 మి.మీ., ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మి.మీ. ఈ లెక్కలు ఎక్కడైనా ఇవే.

డబ్బాలో ఐదు వస్తువులు ఉంటాయి: పై మూత, అడుగు డబ్బా, కాడ, స్ప్రింగు, ఒక జత లోహపు రేకులు. స్ప్రింగు చేసే పని కాడను పైకి తోయడం ఒక్కటే. కరెంటుతో దానికి సంబంధం లేదు.

అసలు సంగతంతా రేకుల దగ్గర ఉంది. రెండు రేకుల్లో ఒకటి కదలకుండా ఉంటుంది. రెండోది సన్నగా, తనంతట తాను ముందుకు వంగి మొదటిదాన్ని తాకాలని చూస్తుంటుంది. కాడకు ఒక పక్క రెండు చిన్న కాళ్లు ఉంటాయి, వాటి ముఖం ఏటవాలుగా ఉంటుంది. కీ నొక్కనప్పుడు ఆ కాళ్లు సన్న రేకును వెనక్కి నెట్టి పట్టుకుంటాయి. మీరు నొక్కగానే కాళ్లు కిందికి జారి రేకుకు దారి వదులుతాయి. రేకు తన బిగువుతో తానే వచ్చి రెండోదాన్ని తాకుతుంది, అక్షరం పడుతుంది.

అంటే మీ వేలు రేకులను కలపడం లేదు, వాటిని విడదీసి ఉంచిన అడ్డును తీస్తోంది అంతే. అందుకే గట్టిగా కొట్టినా లాభం లేదు. వేలి బలం రేకుకు చేరదు. రేకుల మధ్య నూగు చిక్కినా, పైన చిలుము పట్టినా ఆ సన్న రేకుకున్న బిగువే దాన్ని దాటాలి. దాటలేకపోతే అక్షరం పడదు.

ఎరుపు, గోధుమ, నీలం అని స్విచ్‌లకు రంగులు పెట్టేది కూడా ఈ కాళ్లను బట్టే. ఎరుపులో కాళ్లు నున్నగా ఉంటాయి, వేలికి ఏ మెట్టూ తగలదు. గోధుమలో కాళ్ల మీద చిన్న ఉబ్బు ఉంటుంది, రేకు దాన్ని దాటేటప్పుడు వేలికి తెలుస్తుంది. నీలంలో కాడ రెండు ముక్కలు, కాళ్లున్న తెల్ల ముక్క విడిగా జారుతుంది. అది ఉబ్బు దాటగానే రేకు బిగువుకు ఒక్కసారిగా కిందికి దూకి అడుగున కొట్టుకుంటుంది. టిక్కుమని వినిపించేది అదే. చెర్రీ ఎరుపు స్విచ్ మొత్తం 4 మి.మీ. దిగుతుంది, అక్షరం పడేది సగం దారిలో, 2 మి.మీ. దగ్గర. నీలంలో 2.2 మి.మీ. దగ్గర. కీని చివరిదాకా గుద్దాల్సిన పనే లేదన్నమాట.

రోగం ఏదో తేల్చుకోండి

నెట్‌లో కీబోర్డు టెస్టర్ అని వెతికితే కీ నొక్కినప్పుడల్లా తెరమీద వెలిగే పేజీలు దొరుకుతాయి. ఒకటి తెరిచి కీలన్నీ వరసగా నొక్కండి. ఒక అడ్డ వరసో నిలువు వరసో మొత్తంగా పడకపోతే స్విచ్‌ల తప్పు కాదు, బోర్డులో తీగ తెగింది లేదా చిప్ పోయింది. స్విచ్‌లు విప్పి టైం వేస్ట్ చేసుకోకండి. ఒకటి రెండు కీలే అయితే ముందుకు వెళ్దాం.

అక్షరం రెండుసార్లు పడటమే ఎక్కువగా వచ్చే తంటా. రెండు లోహపు రేకులు తాకినప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి తాకుతాయి. కీబోర్డులోని చిప్ కాస్త గడువు ఇచ్చి ఆ ఎగుళ్లను లెక్కలోకి తీసుకోదు. సొంతంగా కీబోర్డులు కట్టుకునేవాళ్లు చిప్‌ను నడిపించే ప్రోగ్రాంగా వాడే క్యూఎంకే ఫర్మ్‌వేర్‌లో ఆ గడువు మామూలుగా 5 మిల్లీసెకన్లు. రేకుల మీద మురికి చేరితే ఎగుళ్లు ఆ గడువు దాటిపోతాయి, చిప్ దాన్ని రెండో నొక్కుడు అనుకుంటుంది. మీ కీబోర్డు సాఫ్ట్‌వేర్‌లో ఈ గడువు మార్చే వీలుంటే 10కి పెంచి చూడండి. రోగం పోదు కానీ చేతిలో ఉన్న పని గట్టెక్కుతుంది.

తెలుగు కొట్టేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో పొల్లు డి కీ మీద ఉంటుంది. ప్రతి ఒత్తుకూ పొల్లు కొట్టాల్సిందే కాబట్టి ఇంగ్లీషు కొట్టేవాళ్ల కీబోర్డులో ఓ మోస్తరుగా వాడే డి, మన కీబోర్డులో గట్టిగా అరుగుతుంది. దాని పక్కనే ఉండే ఎఫ్ మీద గుడి, జి మీద కొమ్ము, పైన ఈ మీద దీర్ఘం. వీటి పనీ తక్కువ కాదు. డి స్విచ్ పాడై పొల్లు రెండుసార్లు పడితే తెరమీద చాలాసార్లు చుక్కల వలయం కనిపిస్తుంది. ఫాంట్ తప్పేమో అనుకుని ఫాంట్లు మారుస్తూ కూర్చునే డీటీపీ ఆపరేటర్లు ఉన్నారు. ఫాంటు జోలికి వెళ్లేముందు డి కీని టెస్టర్‌లో చూడండి.

కీ నొక్కాక మెల్లగా పైకి వస్తుంటే, లేదా దిగబడి ఉండిపోతే రేకులు బాగానే ఉన్నట్టు. కాడ జారే దారిలో జిగట చేరింది. గరగరమని శబ్దమొస్తే దుమ్ము, లేదా కాడ పొడిబారింది. స్పేస్ బార్, ఎంటర్ గలగలలాడితే స్విచ్‌ది కాదు, ఆ పొడవాటి కీల కింద ఉండే స్టెబిలైజర్ తీగది. తీగ చివర్లలో కాస్త డైఎలెక్ట్రిక్ (కరెంటు పారని) గ్రీజు పెడితే సరిపోతుంది.

స్ప్రింగు బలం తగ్గిందేమో అని అనుమానమా? పది రూపాయల బిళ్లలు తీసుకోండి. ఒక్కోటి దాదాపు 7.7 గ్రాములు. చెర్రీ ఎరుపు స్విచ్‌లో అక్షరం పడటానికి కావాల్సింది 45 సెంటీన్యూటన్లు, అంటే సుమారు 46 గ్రాములు, సరిగ్గా ఆరు బిళ్లలు. నలుపు స్విచ్‌కు 60, అంటే ఎనిమిది బిళ్లలు. టెస్టర్ పేజీ తెరిచి కీ మీద ఒక్కో బిళ్ల మెల్లగా పేర్చండి. జారిపోతుంటే బిళ్లల్ని టేపుతో చుట్టండి. ఎరుపు కీ నాలుగింటికే పడిపోతుంటే స్ప్రింగు నీరసించినట్టు. ఎనిమిది పెట్టినా దిగకపోతే లోపల ఏదో ఇరుక్కుంది. ఒకటి అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. గోధుమ, నీలం రకాలకు ఈ పరీక్ష అంత నమ్మకంగా పనిచేయదు, ఉబ్బు దగ్గర ఆగి ఒక్కసారిగా దిగుతాయి కాబట్టి.

విప్పకుండా బాగు చేయడం

సగానికి పైగా కేసులు ఇక్కడే తేలిపోతాయి, తొందరపడి సోల్డరింగ్ ఐరన్ తీయకండి.

కీక్యాప్‌లు పీకే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. తీగతో చేసిన పుల్లర్ కొనుక్కుంటే మంచిది, ప్లాస్టిక్ ఉంగరం లాంటిది కీల పక్కల గీతలు పెడుతుంది. అన్నీ తీశాక కీబోర్డును బోర్లించి వెనక తట్టండి. పెయింటింగ్ బ్రష్‌తో సందులు దులపండి. అడ్తి దుకాణం కీబోర్డైతే నోటితో ఊదకండి, మిర్చి పొడి తిరిగొచ్చేది మీ కళ్లలోకే. మాస్కు కట్టుకుని ఆరుబయట కూర్చోండి.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేర్ షాపుల వాళ్లు ఐపీఏ అంటారు, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల అలాంటి ఏ షాపులో అడిగినా ఎక్కడ కొనాలో చెబుతారు. నీళ్లు కలవనిది, 90 శాతం పైన ఉన్నది తీసుకోండి. శానిటైజర్ వద్దు, అందులో చేతుల కోసం కలిపే గ్లిజరిన్ రేకుల మీద మిగిలిపోతుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలే వద్దు, ప్లాస్టిక్‌ను తినేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి "బాగైపోయింది" అని సంబరపడేవాళ్లు ఉంటారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత ఆ నూనెకు దుమ్మంతా అంటుకుని మొదటికంటే అధ్వాన్నమవుతుంది.

పాడైన కీ కాడను ఒక వేలితో నొక్కి పట్టి, పక్క సందులోంచి సిరంజితో రెండు మూడు చుక్కలు వేయండి. వెంటనే ఓ నలభై యాభై సార్లు గబగబా నొక్కండి. రేకులు ఒకదానికొకటి రాసుకుని మురికి వదులుతుంది. అరగంట ఆరనిచ్చి వైరు పెట్టి టెస్టర్‌లో చూడండి. కొంచెం నయమైతే ఇంకోసారి చేయండి. ఏ మార్పూ లేకపోతే విప్పాల్సిందే.

స్విచ్‌ను బయటికి తీయడం

కీబోర్డు హాట్-స్వాప్, అంటే స్విచ్‌లను సోల్డర్ లేకుండా సాకెట్లలో గుచ్చే రకం, అయితే మీ అదృష్టం. స్విచ్‌కు పైన, కింద ఉండే చెవులను స్విచ్‌లు పీకే పుల్లర్‌తో నొక్కి నిటారుగా లాగితే వచ్చేస్తుంది. పక్కకు వంచి లాగితే అడుగున ఉన్న సాకెట్ ఊడొస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు రెండు లోహపు కాళ్లు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, బోర్డు వెనక సాకెట్‌కు వేలు ఆనించి నొక్కండి. కాళ్లు వంగి ఉంటే చిమ్టాతో సరిచేయండి. హాట్-స్వాప్‌లో "కొత్త స్విచ్ కూడా పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఈ వంగిన కాలే.

సోల్డరింగ్ చేసి ఉంటే పని పెరుగుతుంది. లోహపు ప్లేటు ఉన్న కీబోర్డుల్లో స్విచ్ మూత కొక్కేలు ప్లేటు రంధ్రంలో బిగిసి ఉంటాయి కాబట్టి, చాలా వాటిలో స్విచ్ బయటికి వస్తే తప్ప మూత రాదు. ఐరన్‌ను 350 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. పాత సోల్డర్‌కు కాస్త కొత్త 60/40 సోల్డర్ తగిలిస్తే త్వరగా కరుగుతుంది, అప్పుడు పంపుతో పీల్చండి. ఒకచోట రెండు మూడు సెకన్లకు మించి ఐరన్ ఆనించవద్దు, బోర్డు మీది రాగి ప్యాడ్ లేచిపోతుంది. లైటు ఉన్న కీబోర్డుల్లో ఎల్ఈడీ కాళ్లు స్విచ్ లోంచే దూరి ఉంటే ముందు దాన్ని తీయాలి. ఏ కాలు ఎటువైపో గుర్తు పెట్టుకోండి. ఐరన్ ఎప్పుడూ పట్టనివాళ్లు మొదటి ప్రయోగం దీనిమీద చేయకండి. మొబైల్ మెకానిక్‌కో, పాత టీవీ మెకానిక్‌కో ఇస్తే నిమిషాల్లో తీసి పెడతారు. ప్యాడ్లు జాగ్రత్త అని మాత్రం చెప్పండి.

విప్పడం, తుడవడం

కింద తువ్వాలు పరుచుకోండి. స్ప్రింగు ఎగిరి పడితే గచ్చు మీద దొరకదు. చెర్రీ నమూనాలో మూతకు నాలుగు కొక్కేలు, పక్కకు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. స్విచ్ మూత తెరిచే ఓపెనర్ లేకపోతే రెండు జెమ్ క్లిప్పులను వంచి రెండు పక్కలా దూర్చి మెల్లగా ఎత్తండి. మూత ఎటు తిరిగి ఉందో, కాడ కాళ్లు ఎటువైపున్నాయో చూసుకోండి. కాళ్లు ఎప్పుడూ రేకుల వైపే ఉండాలి.

అడుగు డబ్బాలోని రేకుల్ని దగ్గరగా, వెలుతురులో చూడండి. పత్తి నూగైతే రెండింటి మధ్య సన్న దారంలా కనిపిస్తుంది, చిమ్టాతో తీసేస్తే పని ముగిసినట్టే. నల్లగా ఉంటే విజిటింగ్ కార్డు నుంచి సన్నటి పీలిక కత్తిరించి, ఐపీఏలో తడిపి, రేకుల మధ్య దూర్చి రెండు మూడుసార్లు పైకీ కిందికీ జరపండి. రేకును వేలితో లాగవద్దు, వంచవద్దు. దాని వంపే దాని బలం. గీకుడు కాగితం, బ్లేడు ముట్టనే వద్దు. మంచి స్విచ్‌లలో తాకే చోట పలుచటి బంగారు పూత ఉంటుంది, అది పోయిందంటే స్విచ్ పారేయాల్సిందే.

కాడను, మూతను బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. స్ప్రింగు సాగినట్టుంటే అదే రకం పాత స్విచ్‌లోది వేయండి, సాగదీసి సరిచేయడం పెద్దగా నిలవదు.

గ్రీజు పెట్టాలా?

యూట్యూబ్ చూసినవాళ్లంతా ముందు అడిగేది ఇదే. నా ఉద్దేశంలో ఇల్లు, హాస్టల్ గది, ఏసీ ఆఫీసు అయితే పెట్టుకోండి, నొక్కడం హాయిగా ఉంటుంది. అడ్తి దుకాణం, జిన్నింగ్ మిల్లు, రోడ్డు పక్క జిరాక్స్ సెంటర్ అయితే వద్దు. గ్రీజు నూగును పట్టుకుని వదలదు. అక్షరం రెండుసార్లు పడటానికి, పడకపోవడానికి గ్రీజు మందు కాదు. అది శబ్దానికి, గరుకుతనానికి మాత్రమే.

పెట్టేవాళ్లు క్రైటాక్స్ 205 గ్రేడ్-0 లాంటి ప్లాస్టిక్‌కు పనికొచ్చే గ్రీజే తెప్పించుకోండి. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె, వ్యాసలిన్ కుదరవు. సన్న బ్రష్ కొనతో అడుగు డబ్బాలో కాడ జారే గాడులకు, కాడ రెండు పక్కలకు రాయండి. దోసె పెనానికి ఉల్లిపాయతో నూనె రాసినంత పలుచగా ఉండాలి, తెల్లగా కనిపిస్తే ఎక్కువైనట్టు. రేకులకు తగలకూడదు. గోధుమ రకంలో కాడ కాళ్లకు రాయకండి, ఉబ్బు తెలియకుండా పోతుంది. నీలానికి అసలు రాయకపోవడమే నయం, టిక్కు చచ్చిపోతుంది.

తిరిగి బిగించడం

అడుగు డబ్బా, స్ప్రింగు, కాడ, మూత. ఇదే వరస. కాళ్లు రేకుల వైపు తిప్పి, కాడను సగం దాకా నొక్కి పట్టుకుని మూత వేయండి. బలవంతంగా దిగుతుంటే ఆగండి, కాడ తలకిందులుగానో, కాళ్లు రేకు వెనకో ఉన్నాయన్నమాట. అలాగే నొక్కేస్తే రేకు వంగిపోతుంది.

బోర్డుకు అతికించే ముందే మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి రెండు లోహపు కాళ్లకు ఆనించి నొక్కి చూడండి. సగం దారిలో బీప్ రావాలి, వదిలితే ఆగాలి. బీప్ తెగి తెగి వస్తుంటే రేకులు ఇంకా శుభ్రం కాలేదు.

బాగు కాని స్విచ్‌కు ఒక దేశీ ఉపాయం ఉంది. స్క్రోల్ లాక్, పాజ్ కీలను ఏళ్ల తరబడి ఎవరూ ముట్టరు. ఆ స్విచ్‌ను తీసి డి స్థానంలో వేసి, డి లోని ముసలిదాన్ని అక్కడికి పంపండి. పైసా ఖర్చు లేదు, రకం కూడా కచ్చితంగా అదే.

కొత్తది కొనేటట్టైతే ఆన్‌లైన్‌లో, లేదా సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే వాళ్లతో తెప్పించుకోండి. మూడు కాళ్లదో ఐదు కాళ్లదో చూసుకోండి. ఐదు కాళ్లది మూడు రంధ్రాల బోర్డులో పట్టకపోతే అదనపు ప్లాస్టిక్ కాళ్లు రెండూ నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే చాలు, లోహపు కాళ్లు మాత్రం ముట్టకండి. పొట్టి కీబోర్డుల లో-ప్రొఫైల్ స్విచ్‌లు వేరు, అవి దీనికి సరిపోవు. దుమ్ము చోట వాడే కీబోర్డు మొత్తంగా మార్చాలనుకుంటే కైల్ బాక్స్ రకం చూడండి. వాటిలో రేకులు విడిగా ఒక చిన్న మూసిన గదిలో ఉంటాయి, నూగు అక్కడిదాకా వెళ్లడం కష్టం.

ఛాయ్ ఒలికితే

ఇది వేరే కథ, ఇక్కడ ఐపీఏతో మొదలుపెడితే తప్పు. చక్కెర ఆల్కహాల్‌లో సరిగ్గా కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. ముందు వైరు పీకి, కీబోర్డు బోర్లించండి. కీక్యాప్‌లు తీసి సబ్బు నీళ్లలో వేయండి. తడిసిన స్విచ్‌లకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గోరువెచ్చగా చేసి సిరంజితో పోస్తూ నొక్కండి, జిగట పోయేదాకా. బోరు నీళ్లు వాడకండి, ఆరాక ఉప్పు పొర మిగులుతుంది. నీళ్లయ్యాక ఐపీఏ పోస్తే మిగిలిన తడిని అది లాక్కుపోతుంది. ఫ్యాను కింద కనీసం ఒక రోజు, ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు నిలబెట్టి ఉంచండి. తొందరగా ఆరాలని మే నెల ఎండలోనో, హెయిర్ డ్రయ్యర్ వేడి గాలిలోనో పెట్టకండి. పూర్తిగా ఆరిందనుకున్నాకే వైరు పెట్టండి. అప్పటికీ ఏవైనా కీలు దిగబడుతుంటే ఆ ఒక్కో స్విచ్‌ను మాత్రం పైన చెప్పినట్టు విప్పి, కాడను విడిగా కడగండి.